తిరపమ్మ వంతు

అనగనగా ఒక ఊరు. ఎంత అనగనగా అంటే, ఆ ఊళ్ళో ఎవరి వయసూ ఎవరికీ తెలియనంత అనగనగా. సముద్రానికి కూతవేటు దూరం. ఆ ఊళ్ళో మేదరి తిరపమ్మ ఉండేది. మేదరి అంటే తెలుసుగా? వెదురు చీల్చి బుట్టలు, చేటలు, విసనకర్రలు అల్లేవాళ్ళు.

ఒక ఏడు ఉప్పెన వచ్చింది. ముందు గాలి వచ్చింది. గాలి వెనక నీళ్ళు వచ్చాయి. నీళ్ళ వెనక ఏడుపు వచ్చింది.

నాంచారి అని ఒక రైతు ఇంటి కోడలు. ఆ రోజు కొడుకు చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. గాలి ఒక్క తోపు తోసింది. చెయ్యి జారింది. పిల్లవాడు మళ్ళీ కనపడలేదు.

అప్పటికి ఆమె కడుపుతో ఉంది. తర్వాత ఆడపిల్ల పుట్టింది. నాంచారి ఆ పిల్లని ఎత్తుకోలేదు. "వదిలేసిన చేతులివి" అనేది. బయట ఆకు కదిలితే మంచం కింద దూరేది. అత్త ఆదెమ్మే పసిదానికి మేకపాలు పట్టేది. పసిది మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది.

ఇరుగుపొరుగు మర్చిపొమ్మన్నారు. ఇంట్లోవాళ్ళు గాలి రాకుండా తలుపులు బిగించారు. భూతవైద్యుడు వేపమండలతో కొట్టాడు. మూడూ అయ్యాయి, మూడూ పనికిరాలేదు.

అప్పుడు తిరపమ్మ వచ్చింది. "వదినా, ఆదివారం, బుధవారం నాంచారిని నా దగ్గరికి పంపు. పొద్దున వస్తుంది, పొద్దుగూకకముందే ఇంటికొస్తుంది."

"దయ్యాలవాడు వదిలించలేనిది నీ వెదురుబద్దలు వదిలిస్తాయా?" అంది ఆదెమ్మ.

"దయ్యమైతే నాకూ భయమే. ఇది గాలి. గాలితో పని లేకపోతే నా విసనకర్రలు, చేటలు కొనేదెవరు?"

మొదటిరోజు తానే వచ్చి, నాంచారి తలమీద దుప్పటి కప్పి తీసుకెళ్ళింది. చేతికి విసనకర్ర ఇచ్చింది. "ఈ గాలి నీ చేతిలోది. నువ్వు ఊపితే వస్తుంది, ఆపితే ఆగుతుంది. ఊపుతూ ఆ రోజు సంగతి చెప్పు."

నాంచారి ఇంటి గడప దాటినంతవరకే చెప్పింది. విసనకర్ర కింద పెట్టేసింది.

"ఇవాళ్టికి చాలు. ఇంటికెళ్ళి ఊయల పక్కన కూర్చో. ఎత్తుకోకు. కూర్చో చాలు."

"ఇక్కడే ఉండిపోతానవ్వా."

"ఉండకూడదమ్మా. నా గుడిసెలో నయమైతే ఏం లాభం? నీ ఇంట్లో నయం కావాలి."

కొన్నాళ్ళకి చేట ఇచ్చింది. చేట గాలి కాస్త పెద్దది, మొహాన కొడుతుంది. చెరుగుతూ చెరుగుతూ నాంచారి తాటితోపు దాకా చెప్పింది. "ఇవాళ్టికి చాలు. ఇంటికెళ్ళి ఊయల ఊపు."

ఇంకొన్నాళ్ళకి చెయ్యి జారిన చోటు దాకా చెప్పింది. చెప్పి, నేలమీద పడి ఏడ్చింది. తిరపమ్మ ఓదార్చలేదు. పక్కన కూర్చుంది.

ఏడుపు తగ్గాక నాంచారి అడిగింది. "అవ్వా, నీ ముగ్గురు కొడుకులూ ఆ ఉప్పెనలోనే పోయారటగా. నువ్వెవరికి చెప్పుకున్నావు?"

తిరపమ్మ చేతిలో బద్ద ఆగింది. "నా వంతూ వస్తుందిలే. ముందు నీది కానీ. కోతలయ్యాక కళ్ళంలో తూర్పారపడదాం. అది పెద్ద గాలి. నేను పక్కనే ఉంటాను."

ఉండలేదు. కోతలయ్యే వేళకి జ్వరం వచ్చి తిరపమ్మ పోయింది. బుధవారం నాంచారి వెళ్ళేసరికి గుడిసె తడిక మూసి ఉంది. తడికకి ఆనించి ఒక కొత్త చేట ఉంది.

నాంచారి ఆ చేట పట్టుకుని ఒక్కతే కళ్ళానికి నడిచింది. తూర్పారపట్టడమంటే గింజని ఎత్తుగా పట్టి గాలిలోకి వదలడం. సముద్రపు గాలి కొట్టింది. నాంచారి చేటనిండా గింజలు తీసుకుని తలపైకి ఎత్తింది. చేతులు చేటని వదల్లేదు, వంచనూ లేదు. అలా చాలాసేపు నిలబడింది. తర్వాత వంచింది. పొట్టు ఎగిరిపోయింది. గింజలు ఆమె పాదాలమీదే పడ్డాయి.

పొద్దుగూకకముందే ఇంటికెళ్ళింది. ఊయలలోంచి కూతుర్ని ఎత్తుకుంది. ఆదెమ్మ మేకపాల గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టింది. పోయిన కొడుకు మాత్రం తిరిగి రాలేదు. ఆ దుఃఖం ఆమె చచ్చేదాకా ఉంది. దానితోపాటే పిల్లనీ పెంచింది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో తూర్పారపట్టడం అయ్యాక, కళ్ళం మధ్య ఒక కొత్త చేట పెడతారు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. అందరిలో పెద్దావిడ అంటుంది: "తిరపమ్మా, ఇక నీ వంతు. చెప్పు, వింటున్నాం."

ఎవరూ మాట్లాడరు. గాలి వీస్తుంది. పొద్దుగూకకముందే లేచి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్తారు.