గుచ్చిన ఉన్ని

బీరవ్వకి యాభై ఒక్కటి. ఎవరింటికి వెళ్ళినా చెప్పులు జతగా, వీధివైపు తిప్పి విడుస్తుంది.

నారాయణపేటలో తహసీనా టీచరమ్మ దగ్గర ఏడాదిగా ఉన్నితో బొమ్మలు చెయ్యడం నేర్చుకుంటోంది. బడిలో చేతిపనులు నేర్పి రిటైరైన మనిషి ఆ టీచరమ్మ. మాట తక్కువ. పనికి కావలసింది ఒక సూది. దానికి దారముండదు, కొసన కంటికి ఆనని పళ్ళుంటాయి. ఉన్ని ముద్దని ఆ సూదితో వేలసార్లు పొడిస్తే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. ముద్ద తలవుతుంది, కాళ్ళవుతుంది.

ఆ రోజు ముసురు. ఇంట్లో కూర్చుని వారం పాటు పొడిచిన గొర్రెపిల్లను బీరవ్వ తెచ్చి చాప మీద పెట్టింది.

"చూడు టీచరమ్మా, రాయి లెక్క గట్టిగైంది."

టీచరమ్మ తిప్పి చూసింది. "మంచిగ చేసినవ్. కాళ్ళు సమంగున్నయ్."

బీరవ్వకి ఊపొచ్చింది. "నా బిడ్డకు గిదే చెప్తున్న. అత్తగారింటి నుంచి మూడోసారి వచ్చి కూసుంది. రేపు పొద్దుగాల పెద్దమనుషులు తోలుకపోనీకి వస్తున్రు. పోనంటే పోనంటది. ఉన్నిని జూసి నేర్చుకోవే అన్న. పోట్లు పడ్డకొద్ది గట్టిపడ్తది."

"దవడ వాపు తగ్గిందా?"

"తగ్గుతది. నాకు తగ్గలే?"

ఈ పాఠం బీరవ్వకి ఆమె తల్లి చెప్పింది. తల్లికి ఆమె తల్లి. మగవాళ్ళు నోరు నొప్పి చేసుకోవలసిన పనే లేదు. ఇంటింటికీ జీతం లేని పంతులమ్మ ఉంది.

టీచరమ్మ లోపలికి వెళ్ళి కదురు తెచ్చి బొమ్మ పక్కన పెట్టింది.

"గొర్లు కాసే కురుమోళ్ళింట్ల పుట్టినవ్. ఏడేండ్లకే ఉన్ని వడికిన్నంటివి. దీని ఉన్ని తీసి వడుకు."

బీరవ్వ నవ్వింది. "పరాచికాలా? గిది బొమ్మాయె."

"ఉన్నే గద పెట్టినవ్. తియ్యి."

బీరవ్వ కాలు పట్టి లాగింది. రాలేదు. గోటితో గీకింది. పంటితో పీకింది. నూగు తుంపులు తుంపులుగా ఊడింది. కదురుకి అందించి తిప్పితే జానెడు నూలు కూడా సాగలేదు, తెగి ఒళ్ళో రాలింది. చేయి తిరిగిన మనిషి ఆమె. గొంగళ్ళకి గంపలకొద్దీ వడికిన చేయి. మళ్ళీ పీకింది, మళ్ళీ తిప్పింది. బొమ్మ మెడ వంకరపోయింది. బయట చూరు కారుతూనే ఉంది.

"రాదు," అంది చివరికి.

"గట్టిగైంది గద?"

"గట్టిగైంది. రాదు."

టీచరమ్మ కదురు తీసుకుంది. తనే బీరవ్వ ఒళ్ళోని నూగు దులిపింది.

"నీ బిడ్డ ఇంకా ఉన్నే, బీరవ్వా."

బీరవ్వ బొమ్మను కొంగులో చుట్టుకుంది. తర్వాత వానలోనే వెళ్ళిపోయింది.

తెల్లారి పెద్దమనుషుల ముందు పంపనని చెప్పడానికి ఆమెకి నోరు పెగల్లేదు. కూతుర్ని పంపింది. పదకొండో రోజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పోయి తీసుకొచ్చింది. అప్పటికే పిల్లకి ఎడమ చెవి వినపడదు.