‘గారు’ అనలేదని మునిగిన తేలు

ఒకప్పుడు తేలు తోక ఇలా వంకర తిరిగి ఉండేది కాదు. చీపురుపుల్లలా తిన్నగా ఉండేది. దాని చివర కొండీ లేదు, విషమూ లేదు. తేలు ఎంచక్కా గోదావరి ఒడ్డున తడి ఇసుకలో కాపురముండేది.

ముక్కు లేకపోయినా కోపం మాత్రం దానికి అప్పుడూ ముక్కుమీదే ఉండేది. దాన్ని అందరూ ‘తేలుగారూ’ అనే పిలవాలి. ఒకసారి కప్ప నోరు జారి “ఏం తేలూ, బాగున్నావా?” అంది. అంతే! తేలు నెల్లాళ్ళపాటు ఆ కప్ప మొహం చూడలేదు.

దానికి పన్నెండుమంది పిల్లలు. అందర్నీ వీపుమీదే మోసేది. చిట్టచివరిది నిన్ననే పుట్టింది. తమ జాతిని ఏమంటారో దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

అంతలోనే గోదావరికి వరద వచ్చింది. ఎర్రనీళ్ళు ఒడ్డును కోసేశాయి. తేలు, పిల్లలు ఇసుకతో సహా నీళ్ళలో పడ్డారు.

చేపలు పట్టే నూకాలు తన చిన్న పడవలో అటే వస్తోంది. ఆమె వాళ్ళను చూసి ఒడ్డు దద్దరిల్లేలా కేకపెట్టింది.

“తేలు! తేలు!”

మునిగిపోకుండా పైకి తేలమని ఆమె గోల. తేలుకు మాత్రం తన పేరే వినిపించింది. అదీ ‘గారు’ లేకుండా!

“ఏమిటా పిలుపు? నేనేమన్నా నీ పెరట్లో కోడినా?” అని నీళ్ళలోంచే అరిచింది.

“చాల్లే సంబడం! ముందు తేలు!”

“మళ్ళీ అదే మాట! మర్యాదగా పిలిచేదాకా కాలు కదపను. ఏం చేస్తావో చేసుకో!”

అన్నంత పనీ చేసింది. ఎనిమిది కాళ్ళూ ముడుచుకుని బిగుసుకుపోయింది. చుట్టూ వరద, వీపుమీద పసిపిల్లలు, ఈవిడగారికి పిలుపు కావాలిట! ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?

నూకాలుకు కోపం నషాళానికంటింది. “ఒసే మొండిదానా! పిల్లలు పోతారే! తేలవే!” అని గొంతు చించుకుంది.

చెవుల్లో నీళ్ళు పోయిన తేలుకు ‘ఒసే’ ఒక్కటే వినిపించింది. అది ఇంకా బిగుసుకుంది. ఇంకా కిందికి దిగింది.

అంతలో ఓ పెద్ద అల వీపుమీదుగా పోయింది. చిన్నపిల్ల పట్టు జారి కొట్టుకుపోయింది.

“అయ్యో, నా పిల్ల!”

అప్పుడు గుర్తుకొచ్చాయి తేలుకు కాళ్ళు. కానీ అవి కొయ్యబారిపోయాయి, ఎంత ఆడించినా కదల్లేదు. నూకాలు గబుక్కున గాలం విసిరింది. కొక్కెం తోక కొసకు తగులుకుంది. ఆమె ఒక్క లాగు లాగేసరికి తోక వీపుమీదికి వంగిపోయింది. తేలు వచ్చి పడవలో పడింది. గాలం తాడు తెగింది. కొక్కెం తోకలోనే ఉండిపోయింది.

తేలు వీపు తడుముకుంది. పదకొండుమందే ఉన్నారు.

“నా బిడ్డను చంపేశావు!” అని నూకాలుమీద విరుచుకుపడింది. “నోరారా ‘గారు’ అని ఉంటే కాళ్ళు ఆడించేదాన్ని కదా!”

“అమ్మా, నేనిక్కడున్నా!”

పడవ అంచును పట్టుకుని చిన్నపిల్ల వేలాడుతోంది. నూకాలు దాన్ని తీసి తల్లి వీపుమీద పెట్టింది.

“ఎలా వచ్చావే?” అంది తేలు.

“ఆ అమ్మ తేలు, తేలు అంది కదా. కాళ్ళు బార్లా చాపి తేలాను.”

“అది మన పేరే, పిచ్చిదానా!”

“అవునా? నాకు తెలీదుగా. తేలమందేమో అనుకున్నాను.”

పదకొండుమంది పిల్లలూ కిసుక్కుమన్నారు. నూకాలు పగలబడి నవ్వింది.

తేలుకు తల కొట్టేసినట్టయింది. తప్పు తనదే. ఆ సంగతి తనకూ తెలుసు, నిన్న పుట్టిన పిల్లకూ తెలుసు. దాంతో కోపం ఇంకా పెరిగింది. పొంగిన కోపం పోయే దారిలేక తోకలోకి పాకి, కొక్కెంలో విషమై కూర్చుంది.

“నవ్వుతావా? ‘తేలండి’ అని ఉంటే నాకీ తిప్పలు ఉండేవా?”

“పేణం పోతుంటే ‘అండి’ ఏంటే!” అంది నూకాలు.

ఆ మాటకు తేలు తోక ఝాడించింది. నూకాలు వేల్లో కొక్కెం దిగింది. “ఓలమ్మో!” అని ఆమె తెడ్డుతో తల్లినీ పిల్లల్నీ ఎత్తి, ఒడ్డునున్న రాళ్ళగుట్టమీదికి విసిరేసింది.

అప్పటినుంచే తేలు తోక వంకర. అప్పటినుంచే దాని చివర కొండి. నీళ్ళంటే పడక, పిల్లల్ని వీపున వేసుకుని పొడి రాళ్ళ కింద దాక్కుంటుంది. మనం కనిపెట్టి “తేలు! తేలు!” అని అరిస్తే, ఆనాటి సంగతి ఎత్తిపొడుస్తున్నామని దానికి ఒళ్ళు మండుతుంది. ‘గారు’ అనేదాకా కూడా ఆగదు, కుట్టేస్తుంది.