జీపు అడుగున బిరడా

అన్న పేరు వింటే చాలు, జిలానీకి ఒళ్లు మండేది.

నాయనను మట్టి చేసిన రోజు, ఊరంతా చూస్తుండగా అన్న దస్తగిరి అతని చెయ్యి పట్టుకుని, గుప్పిట్లోని మట్టి దులిపేశాడు. "లారీలెక్కి ఊళ్లు పట్టుకుని తిరిగినోడివి. నీ బెంగతోనే నాయన పోయినాడు. మట్టేసే హక్కు నీకు లేదు" అన్నాడు.

జిలానీ పల్లెత్తు మాట అనలేదు. పళ్లు బిగించి వచ్చేశాడు. నల్లమల అంచున గుడిసెలో ఉండే సూఫీ గురువు నూరుల్లా బాబా దగ్గర చేరాడు. బాబాకు ఒక పాత జీపుంది. కొండ పల్లెల్లో జబ్బు పడినవాళ్లను అందులో ఆసుపత్రికి చేర్చడం జిలానీ పని.

"ఆ రోజు తిరిగి ఒక్క మాటన్నా అనలేదు బాబా. అంతా మింగేసినా" అని గొప్పగా చెప్పుకునేవాడు. బాబా వినేవారు. మెచ్చుకునేవారు కాదు.

వానలు వెళ్లి ఎండలు ముదిరాక, ఒక పొద్దున వదిన ఖాజాబీ రొప్పుకుంటూ వచ్చింది.

"జిలానీ, మీ అన్న పడక మీంచి లేవట్లేదు. ఒళ్లు కాలిపోతాంది. జీపు తీసుకురాప్పా."

"ఆ గడప నేను తొక్కను. ఆ పొద్దు నన్ను గెంటుతుంటే ఊరోళ్లంతా చూస్తా నిలబడిరి కదా, వాళ్లను మోసుకుపొమ్మను!"

బాబా చెయ్యి చాపారు. "తాళమియ్యి. నేను తోలతా."

ఆయనకు ఎదుటి మనిషే మసకమసకగా కనిపిస్తాడు. జిలానీ విసురుగా జీపెక్కాడు. "గుమ్మం దాకా తోలతా. దిగను. ముందే చెప్తాండా."

బాబా, ఖాజాబీ కూడా ఎక్కారు. దారిలో మిట్ట మొదట్లో జీపు మొరాయించింది. ఇంజను గోలపెడుతోంది, చక్రాలు మాత్రం కదలవు. మాడిన వాసన గుప్పుమంది. జిలానీ దూకి టైరును తన్నాడు.

"చూసినారా! దీనికి కూడా ఆ ఇంటికి పోను ఇష్టం లేదు!"

బాబా పానా తీసుకుని జీపు కిందికి దూరారు. ఇంజను వెనక, క్లచ్చూ ఫ్లైవీలూ ఉండే ఇనప డొప్పను తడిమి, అడుగునున్న మర బిరడాను విప్పారు. నల్లటి ఆయిలు బుడబుడా ఆయన చేతి మీదికి, తెల్లటి చొక్కా మీదికి కారింది.

వంగి చూస్తున్న జిలానీ ముఖం పాలిపోయింది.

"ఎప్పుడు బిగించినావు?" అడిగారు బాబా, పడుకునే.

"వానల్లో... వాగు దాటేటప్పుడు. లేకుంటే బురదనీళ్లు పోయి క్లచ్చు నాశనమైతుంది కదా బాబా."

"మంచి పని చేసినావు."

ఆయిలు కారుతూనే ఉంది.

"దాటినాక తీసెయ్యాల" అన్నాడు జిలానీ, గొంతు తగ్గించి. "పాత ఇంజను. లోపల కారే ఆయిలు బయటికి పోవాల. లేకుంటే క్లచ్చుకంటి పట్టు జారిపోతాది. మరిచిపోయినా."

బాబా బయటికొచ్చి బిరడాను అతని అరచేతిలో పెట్టారు. "వాగు దాటి చాలా రోజులైంది నాయనా" అన్నారు.

ఆయిలు పూర్తిగా కారేదాకా ఆగారు. బరువు తగ్గుతుందని బాబా, ఖాజాబీ నడిచారు. ఖాళీ జీపు ఫస్టు గేరులో మూలుగుతూ, జారుతూ, ఎట్లాగో మిట్టెక్కింది. అవతల ఆసుపత్రి దాకా అంతా పల్లమే.

దారిలోనే ఉన్న అన్న ఇంటి గుమ్మం ముందు జిలానీ స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత దిగాడు.

లోపల దస్తగిరి సగమైపోయి ఉన్నాడు. తమ్ముణ్ని చూసి నోరు తెరవబోయాడు.

"మాట్లాడొద్దు!" అని అరిచాడు జిలానీ. ఆ అరుపు వీధి చివరిదాకా వినబడింది. అరుస్తూనే అన్నను ఎత్తి వీపున వేసుకున్నాడు. "మట్టి దులిపినావు కదన్నా! నాయనకు నేను కొడుకును కానా? ఆయన పోతాడని నాకు ఎవరన్నా చెప్పినారా? ఎట్లా దులిపినావు? చెయ్యెట్లా వచ్చింది నీకు?"

ఇరుగుపొరుగు బయటికొచ్చారు. దస్తగిరి తమ్ముడి భుజం మీద తల వాల్చి ఏడుస్తున్నాడు. జిలానీ తిడుతూనే ఉన్నాడు. తిడుతూనే, అన్న కాలు గడపకు తగలకుండా పక్కకు తిరిగి దాటించాడు.

ఖాజాబీ భయపడి బాబా వైపు తిరిగింది. "రోగిష్టి మనిషి బాబా. ఆపమనండి."

బాబా జీపు వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు.

"ఆపొద్దు బిడ్డా" అన్నారు. "లోపలిదంతా బయటికి పోనీ."