చెయ్యెత్తి ఆపిన ఆగుమన్నమ్మ

బండరేవులో, సముద్రానికి ఎదురుగా ఉన్న గట్టు మీద ఆగుమన్నమ్మ కొలువై ఉన్నది. తల్లి కుడిచెయ్యి ఎత్తి ఉంటుంది. అది అభయహస్తమనుకుని కొత్త భక్తులు మురిసిపోతుంటారు. కాదు. ఆ చెయ్యి "ఆగు" అంటోంది.

రేవుకు అడ్డంగా నీటి కింద పెద్ద రాతిబండ ఉన్నది. దాని మీద కెరటం నిట్టనిలువుగా లేచి విరుగుతుంది. చేయి తిరిగినవాళ్లే దాన్ని దాటగలరు.

పూర్వం ఇక్కడ అసిరమ్మ అనే జాలరి ఇల్లాలు ఉండేది. తెప్ప మీద ఉన్నవాడికి తన వెనక కెరటం ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక ఎన్నున్నాయో గట్టు మీదివాళ్లకే తెలుస్తుంది. అందుకని ఇంటి ఆడవాళ్లు గట్టెక్కి, అదను చూసి, చెయ్యి ఊపి పిలిచేవారు. ఒకనాడు అసిరమ్మ ప్రాణం ఆగక తమ్ముణ్ణి ఒక్క కెరటం ముందుగా పిలిచింది. వాడు అక్కను నమ్మి వచ్చాడు. బండ వాణ్ణి మింగింది.

ఏడాది తిరక్కుండానే, మొగుడు దానయ్య చేపల వేటలో ఉండగా గాలి తిరిగింది. ఎదురుచూసి ఎదురుచూసి గట్టు మీదే ఆమెకు కునుకు పట్టింది. కలలో ఒక ముసలామె కనిపించి, "పిలవడం ఎవరికైనా వొచ్చు. ఆపడం నేర్చుకో" అన్నది. ఉలిక్కిపడి లేచేసరికి దానయ్య తెప్ప బండ అవతల ఊగుతోంది.

అసిరమ్మ అరచెయ్యి ఎత్తింది. ఒక కెరటం విరిగింది, రెండు, మూడు. కదలకుండా నిలబడింది. అత్త వచ్చి, "పిలవ్వే, ఆడు అలిసిపోనాడు" అని జబ్బ పట్టి లాగింది. చెయ్యి దిగలేదు. అయిదో కెరటానికి తెప్ప కనబడకుండా పోయింది. పిలవకుండా తనే చంపుకున్నాననుకుంది. తెప్ప మళ్లీ తేలింది. ఏడు వెళ్లాయి. ఎనిమిదోది పొట్టిది, దాని వెనక నీరు చదును. అప్పుడు చెయ్యి దించింది. దానయ్య తెప్ప మీద లేచి నిలబడి, ఆ కెరటాన్నెక్కి బండ మీదుగా జారి ఒడ్డున పడ్డాడు.

"అంతసేపు ఆపినానని కోపమా?" అని అడిగిందామె.

"మూడోదానికే సేతులు సచ్చుబడిపోనాయి. నువ్వు పిలిస్తే ఒచ్చీసేవోణ్ణే" అన్నాడు.

ఆ మాట విని అసిరమ్మ అప్పుడు ఏడ్చింది, తమ్ముడి కోసం.

కలలో కనబడినది తల్లేనని తెలిసి, రేవువాళ్లు ఆ చోటనే చెయ్యెత్తిన తల్లికి గుడి కట్టారు. నేడు తెప్పలవాళ్లే కాదు, పలకల మీద నిలబడి కెరటాలెక్కే ఆరితేరినవాళ్లు సైతం గట్టు మీద తమవాళ్ల చెయ్యి దిగేదాకా బండ దాటరు. ఆ చెయ్యి ఎత్తవలసినది వాళ్ల కోసం అందరికన్నా ఎక్కువగా భయపడే మనిషే. తొందరగా రప్పించమని ఇక్కడ ఎవరూ మొక్కుకోరు. ఎత్తిన చెయ్యి ముందుగా దిగకుండా చూడమనే మొక్కుకుంటారు.