నరసమ్మ అట్టముక్కలు

పారినాయుడు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. బొబ్బిలిలో ఆయన దగ్గర రసాయనశాస్త్రం నేర్చుకున్న వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అప్పలనరసమ్మ తెలిసే అడిగింది.

ఆమె కాలేజీ ప్రయోగశాలలో గాజు సామాను కడిగే ఉద్యోగి. పద్నాలుగేళ్లుగా తాను కడుగుతున్న పరీక్షనాళికల్లో ఏం జరుగుతుందో తానే పాఠం చెప్పాలని ఆశ. దూరవిద్యలో ఎమ్మెస్సీ గట్టెక్కింది. లెక్చరర్ పరీక్షకు వయసు లెక్కన ఇదే ఆఖరి అవకాశం. మిగతావన్నీ వచ్చాయి గానీ స్టీరియోకెమిస్ట్రీ మాత్రం కొరకరాని కొయ్య అయింది. అవే పరమాణువులు, అవే బంధాలు; అయినా అద్దంలో బొమ్మల్లా రెండు రూపాలు. ఒకటి ఆర్, ఇంకోటి ఎస్. ఏది ఏదో తేల్చి చెప్పాలి. అదెలాగని మాస్టారిని అడిగింది.

మాస్టారు ఆమె చేత రెండు వందల అట్టముక్కలు రాయించారు. ముందు అణువు బొమ్మ, వెనక జవాబు. సరిగ్గా చెప్పిన ముక్కను మూడు రోజుల డబ్బాలో వేయాలి, మళ్లీ చెబితే వారం డబ్బాలో, ఆపైన నెల డబ్బాలో. గడువు వచ్చేదాకా మూత తీయకూడదు.

"ఈలోగా మరిచిపోతేనో మాస్టారూ? అన్నీ రోజూ చదువుకుంటే తప్పేటి?" అని నెల తిరిగాక ముక్కలన్నీ పట్టుకొచ్చి అడిగింది నరసమ్మ. నిజానికి ఆ నెలంతా ఆమె చేసిందే అది. పోపు వేస్తూ, కూర కలుపుతూ, పొయ్యి పక్కన పేర్చిన ముక్కలన్నీ రోజూ తిరగేసింది.

మాస్టారు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. "ఏదీ, అప్పజెప్పు" అన్నారు. నల్లేరు మీద బండిలా సాగింది. ముక్క పూర్తిగా పైకి రాకముందే ఆమె ఆర్, ఎస్ అనేస్తోంది. ఆయన మెచ్చుకుని, అందులో ఏడు బొమ్మలు తెల్లటి కొత్త అట్టల మీద తలకిందులుగా గీసి ఇచ్చారు. తలకిందులు చేసినంత మాత్రాన జవాబు మారదు.

నరసమ్మ తడబడింది. రెండు తప్పు చెప్పింది, నాలుగు తెలియవని పక్కన పెట్టేసింది. పాత ముక్కల్ని ఆమె మరకలతోనే గుర్తుపట్టింది: ఈ మూల పసుపు మరక ఉన్నది ఎస్, ఆ అంచున నూనె చుక్క ఉన్నది ఆర్. పాపం, ఆమెకు కంఠతా వచ్చింది తన వంటిల్లు. "ఈసారీ పోయినట్టే మాస్టారూ" అని కళ్లు తుడుచుకుంది.

ఏడో ముక్క దగ్గర మాత్రం ఆగింది. హైడ్రోజన్ వెనక్కి ఉందని చూసుకుని, మిగతా మూడింటి మీదుగా పెద్దదాని నుంచి చిన్నదానికి గాలిలో వేలు తిప్పింది. వేలు గడియారం ముల్లుకు ఎదురు తిరిగింది; అలా తిరిగితే ఎస్, ముల్లుతో పాటు తిరిగితే ఆర్.

"ఎస్" అంది. సరైన జవాబే.

"ఇదొక్కటీ ఎలా వచ్చిందమ్మా?"

నరసమ్మ సిగ్గుపడింది. "ఆ ముక్క బియ్యం డ్రమ్ము వెనకాల పడిపోనాది మాస్టారూ. ఇరవై రోజులు కనబడనేదు. ఇయ్యాల పొద్దున్న ఊడుస్తుంటే దొరికింది. చూస్తే ఏటీ గుర్తు లేదు. ఏటి చేస్తాను, మొదట్నుంచీ వేలు తిప్పుకున్నాను."

చెబుతూ చెబుతూనే ఆమె తన వేలి వంక చూసుకుంది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. మాస్టారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. ఇద్దరికీ పట్టరాని సంతోషం.

"అయితే ఇప్పుడేటి చేయమంటారు?"

"మిగతావి కూడా ఆ డబ్బాల్లో పారేసుకో తల్లీ" అన్నారు మాస్టారు.