సింగారి కొమ్ము ఆనించని పూట

మిట్ట మీద ముళ్లకంచె వేసిన దొడ్డి. అందులో గొర్రెలూ మేకలూ, వాటికి కాపలా భైరిగాడనే కుక్క. వాడికి కోరలున్నాయి గానీ, ఎవరి మీద పడాలో తనంతట తాను తేల్చుకోడు. ఒకసారి అలా తేల్చుకునే సొంత గొర్రెపిల్లను కరిచాడు. అప్పటి నుంచి దొడ్డిలో ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. గోరింక చుట్టుపక్కల తిరిగి, దొరికిన ప్రతి వెంట్రుకా తెచ్చి వాడి ముక్కు దగ్గర పెడుతుంది. అది గొర్రెది కావచ్చు, దొంగది కావచ్చు. ఆపద ఉంటే, వాడు వాసన చూస్తుండగానే ముసలి మేక సింగారి వాడి భుజానికి కొమ్ము ఆనిస్తుంది. రెండూ అందితేనే వాడు లేచి తరుముతాడు. కొమ్ము తగలకపోతే ఆ వాసన మనవాళ్లదేనని గుర్తుపెట్టుకుని ఊరుకుంటాడు.

ఇది నక్క కనిపెట్టింది. ఓ మధ్యాహ్నం కంచె అవతల నిలబడి పలకరించింది.

“సింగారి వదినా, అంతలేసి కొమ్ములు పెట్టుకుని ఊరికే ఆనించడమేనా నీ పని?”

“అది నా వంతు మరిదీ.”

“తెచ్చేది గోరింక, కరిచేది కుక్క. పేరంతా వాళ్లదే. ఒక్కపూట మానేసి చూడు. పని ఆగిందా, నీ విలువ తెలుస్తుంది. ఆగలేదా, నీకు శ్రమ తప్పుతుంది.”

పిచ్చిది, ఆ మాట తలకెక్కించుకుంది! దొడ్డి చివరికి పోయి తుమ్మకాయలు నములుతూ కూర్చుంది.

గోరింక నక్క వెంట్రుకతో వాలింది. “భైరీ, చూడరా!”

వాడు వాసన చూశాడు. “పెద్దమ్మా, కొమ్మేదీ?” అని కేకేశాడు.

సింగారికి వినబడింది. వినబడీ అటు తిరిగి పడుకుంది. ఇవాళైనా నన్ను బతిమాలనీ అనుకుంది.

గోరింక మళ్లీ మళ్లీ వెంట్రుక పెట్టింది. “చాల్లేవే, మనవాళ్లదే,” అని వాడు తల వాల్చాడు.

నక్క తాపీగా కంచె సందులోంచి దూరింది. సింగారి మనవరాలు బుజ్జి, నెల నిండని కుంటిపిల్ల, “అవ్వా!” అని అరిచింది.

సింగారి పడుతూ లేస్తూ వచ్చి భైరిగాణ్ణి కొమ్ముతో పొడిచినంత పని చేసింది. “లేరా నాయనా! నా బుజ్జినిరా!”

భైరిగాడు గాలి వాసన చూశాడు. “ఎందుకు పెద్దమ్మా కంగారు? ఇది మనవాళ్ల వాసనేగా. ఇందాకే చూశాను.”

నక్క నోట చిక్కిన బుజ్జి గొంతు మిట్ట దిగిపోయింది. తోడేలు వెంట్రుకకు వాడు ఇప్పటికీ లేస్తాడు. నక్క వెంట్రుకకు మాత్రం సింగారి ఎంత నెట్టినా కదలడు. ఆమె అయినా నెడుతూనే ఉంటుంది, “అప్పుడే వచ్చుంటే” అని గొణుక్కుంటూ.

మన ఒంట్లో రోగాలు రాకుండా కాపలా కాసే టి కణాలనే తెల్లరక్తకణాలదీ ఇదే పద్ధతి. శత్రువు ముక్కను చూపిస్తే చాలదు, చూపించే కణం పైనుండే తోడు అణువు కూడా వచ్చి తగలాలి. తగలకపోతే ఆ కణం ఆ శత్రువు విషయంలో మొద్దుబారిపోతుంది.

నీ వంతు చిన్నదని అలిగి కూర్చోకు, అది అందాల్సిన వేళ దాటితే తర్వాత ఎంత ఏడ్చినా పనికిరాదు.