ద్వాదశి నాటి పస్తు

రాజ్యం పేరు నాకు గుర్తులేదు గానీ, దాన్నేలిన ప్రతాపకేసరికి మాత్రం మాటల పిచ్చి. లేమికి ఎన్ని పేర్లున్నాయో ఏరించి నిఘంటువు రాయిస్తున్నాడు. లోటు, కొరత, వెలితి, కరువు అంటూ ఆస్థాన పండితుడు సూరంభొట్లు రోజుకో తాటాకు నింపేవాడు. ఏ మాట ఎక్కడ వాడాలని అడిగితే, “అన్నీ ఒకటే, లేకపోవడమే” అని తేల్చేసేవాడు. వాటిలో ఒక్కటైనా అనుభవించి రాసిన పాపాన పోలేదు మహానుభావుడు.

ఒకనాడు మెట్టసీమ నుంచి బయ్యమ్మ అనే రైతమ్మ సభకొచ్చింది.

“దొరా, రెండేళ్ళుగా చినుకు లేదు. ఊరంతా పస్తులుంటున్నాం. దివాణం గాదెలు తెరిపించండి. లేకపోతే మా పిల్లలు దక్కరు.”

రాజుకు జాలికన్నా ముందు కుతూహలం పుట్టింది. “పస్తా? ఆ మాట రాశారా భొట్లుగారూ?”

“రాశాను ప్రభూ. ఉపవాసమన్నా పస్తన్నా ఒకటే. కడుపు ఖాళీగా ఉండటం.”

“అలాగైతే ప్రతి ఏకాదశికీ నేనూ ఉంటున్నానుగా! ఒంటికి మంచిదే. దానికి గాదెలెందుకు?”

పాపం, బయ్యమ్మ దిక్కుతోచక సభలోవాళ్ళ వంక చూసింది.

కొలువులో చమత్కారిగా పేరుపడ్డ బొప్పన లేచాడు. “రెంటికీ తేడా ఉందని నా అనుమానం ప్రభూ. రేపు ఏకాదశి. ఎల్లుండి వంటశాల తాళాలు నాకిప్పించండి, చూపిస్తాను. చూపలేకపోతే కొలువు వదిలి పోతాను. చూపిస్తే గాదెలు తెరవాలి.”

“సరే! తేడా నాకు తెలిసిందాకా తాళాలు నీవే,” అన్నాడు రాజు సరదాపడి. బొప్పన బయ్యమ్మను తన ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించాడు.

ఏకాదశి నాడు రాజూ భొట్లూ హుషారుగా ఉపవాసమున్నారు. మర్నాటి పారణకు పెసరపప్పా, కందిపప్పా, గడ్డపెరుగు ఎంత తోడుపెట్టించాలి అని మాట్లాడుకుంటూనే పొద్దు గడిపేశారు.

ద్వాదశి పొద్దున స్నానాలు చేసి పీటల మీద కూర్చున్నారు. వంటశాలకు తాళం వేసి ఉంది.

“నిన్నటితో ఉపవాసం ముగిసింది. ఇది పస్తు ప్రభూ,” అన్నాడు బొప్పన.

ఒక జాము గడిచింది. రాజుకు చిర్రెత్తుకొచ్చింది. “ఎప్పుడు వడ్డిస్తావయ్యా?”

“తెలియదు ప్రభూ.”

“సాయంత్రమా?”

“చెప్పలేను.”

“పోనీ, రేపా?”

“ఏమో.”

భొట్లు గోడకు చేరగిలబడ్డాడు. “నిన్న ఇంత ఆకలి లేదు ప్రభూ!” అని లబలబలాడాడు.

“నిన్న మీకు ఇవాళ్టి విస్తరి కనిపించింది భొట్లుగారూ. ఇవాళ ఏదీ కనిపించడం లేదు,” అన్నాడు బొప్పన.

రాజు బయ్యమ్మను పిలిపించి మెల్లగా అడిగాడు. “ఎన్నాళ్ళుగా ఇలా ఉంటున్నారమ్మా?”

“లెక్కపెట్టడం మానేశాం దొరా.”

రాజుకు సిగ్గేసింది. వెంటనే గాదెలు తెరవమన్నాడు. చేతి కడియం తీసి బొప్పనకు తొడిగి, “తేడా తెలిసింది. ఇక తాళాలివ్వవయ్యా!” అన్నాడు.

“ముందు ధాన్యం బండ్లు కోట దాటనివ్వండి ప్రభూ.”

రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే గాదెల దగ్గరికి పరుగెత్తాడు. దివాణం బండ్లు అంత తొందరగా కదలడం ఎవరూ ఎరగరు. భొట్లుగారు కూడా రెండు మూటలు మోశారట.